ఇంగ్లీషు పాఠం, తెలుగు మాస్టారి అన్వయం

(పెదపాడు ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1977 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సంఘంవారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారండి. ఏం మాట్లాడాలో నన్నే చూసుకోమన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు జిల్లా పరిషత్ స్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి, 2024లో రిటైరయ్యాను. కాబట్టి ఇంగ్లీషు గురించే చెబుతాను. కాకపోతే నేను పిల్లలకు చెప్పిన ఇంగ్లీషు గురించి కాదు. రిటైరయ్యాక అమెరికాలో ఒక చైనా కుర్రాడి పక్కన కూర్చుని నేను నేర్చుకున్నదాని గురించి. దానికి ముందు మా ఇంటి గేదె సంగతి ఒకటి చెప్పాలి. అది లేకపోతే ఇది అర్థం కాదు.

1977. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు అంటే మన ఈడువాళ్ళకి వెంటనే గుర్తొస్తుంది. ఉప్పెన నవంబర్లో. నేను చెప్పేది ఆ ఏడే జూన్ సంగతి. అప్పటికి నా పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషులో క్లాసుకి ఫస్టు నేనే. ఆరో తరగతిలో ఏబీసీడీలు మొదలెట్టి, అయిదేళ్ళలో అక్కడిదాకా వచ్చాం గదా అని మహా గర్వంగా ఉండేది. 'రామా కిల్డ్ రావణా' అని ఎవరైనా అంటే చాలు, 'రావణా వాజ్ కిల్డ్ బై రామా' అని రావణుణ్ణి రెండోసారి చంపేసేవాళ్ళం. ఆవు మీద వ్యాసం, జ్వరం వచ్చిందని సెలవు చీటీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం.

అప్పుడు మా నాన్నగారికి ఏలూరులోని ఒక బ్యాంకు నుంచి ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం వచ్చింది. సార్వా పెట్టుబడికి అప్పు కోసం అర్జీ పెట్టుకున్నారు. నాన్నగారు ఆ కాగితాన్ని నా చేతికి ఇచ్చి, 'ఏం రాశారో చూడరా' అన్నారు. అరుగు మీద మరో నలుగురు ఉన్నారు. నేను గట్టిగా చదివాను. ఉచ్చారణలో వంక పెట్టడానికి ఏం లేదు. అసలు వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: 'అన్‌లెస్ ది ఓవర్‌డ్యూ ఇంటరెస్ట్ ఈజ్ పెయిడ్ ఆన్ ఆర్ బిఫోర్ ది థర్టీయత్ ఆఫ్ జూన్, నో ఫ్రెష్ లోన్ షల్ బి శాంక్షన్డ్.'

నాకు తెలిసిన మాటలు ఏరుకున్నాను. నో, లోన్. 'అప్పు ఇవ్వరంట నాన్నా' అన్నాను.

నాలుగు రోజులు చూసి, నాన్నగారు చూడి గేదెను సంతకి తోలారు. తొమ్మిది వందలకి అమ్మారు. అమ్మ పలుపుతాడు ఒక్కటీ ఇంట్లో ఉంచుకుంది.

ఇంకో వారానికి మన తెలుగు మాస్టారు అటుగా వస్తూ అరుగు మీద కూర్చున్నారు. ఏ మాస్టారో నేను చెప్పక్కర్లేదు, వెనక వరసలో అప్పుడే నవ్వులు వినబడుతున్నాయి. ఆయనకు ఇంగ్లీషు పెద్దగా రాదు. రాదని ఆయనే చెప్పుకునేవారు. మాటల్లో అప్పు సంగతి వస్తే ఉత్తరం తెమ్మన్నారు. క్లాసులో పద్యం తీసినట్టే తీశారు. 'క్రియ ఏదిరా? ఇవ్వబడదు. ఏమిటి ఇవ్వబడదు? కొత్త అప్పు. బాగుంది. అక్కడికి వాక్యం అయిపోయింది గదా, మరి ముందు ఇంత పొడుగు ఎందుకుంది? కవి ఏ మాటా ఊరికే వెయ్యడు. బ్యాంకువాడు కూడా వెయ్యడు.' అని ఇంటికి మనిషిని పంపి శంకరనారాయణ నిఘంటువు తెప్పించారు. అన్‌లెస్ అనే మాట వెతికారు. చదివి, కాసేపు మాట్లాడలేదు. తరవాత నాన్నగారితో నెమ్మదిగా అన్నారు: 'ముప్పయ్యో తారీకులోగా పాత వడ్డీ కడితే ఇస్తారండీ. కట్టకపోతేనే ఇవ్వరు.'

వడ్డీ ఎనభై ఆరు రూపాయలు.

నాన్నగారు నన్ను కొట్టలేదు. తిట్టలేదు. కడుపులో ఏ కోపమూ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగినట్టు ఒక్క మాట అడిగారు. 'నువ్వూ చదివావు, ఆయనా చదివారు. ఇంగ్లీషు నీకే ఎక్కువ వచ్చంటున్నారు. మరి తేడా ఎక్కడుంది?'

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు నలభై ఏడేళ్ళు పట్టింది. అదీ పెదపాడులో కాదు, కాలిఫోర్నియాలో.

మా అమ్మాయి వాళ్ళు ఫ్రీమాంట్‌లో ఉంటారు. మనవాళ్ళు, చైనావాళ్ళు చాలామంది ఉన్న ఊరు. మన పిల్లల ఇళ్ళకి వెళ్ళిన పెద్దవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఉదయం తొమ్మిదికి ఇల్లు ఖాళీ. కారు నడపలేం. నడిచి వెళ్ళగలిగిన చోటు పబ్లిక్ లైబ్రరీ ఒక్కటే. మొదటి రోజు కౌంటర్ దగ్గర ఉన్నావిడ అడిగింది: 'డోంట్ యూ హావ్ ఎ కార్డ్?' నేను 'యెస్' అన్నాను. ఆవిడ చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. నా వెనక వరసలో ఉన్న పదిహేడేళ్ళ కుర్రాడు నవ్వాపుకోలేక తల వంచుకున్నాడు.

ఏం జరిగిందో గమనించండి. మనం తెలుగులో 'నువ్వు అన్నం తినలేదా?' అని అడిగితే 'అవును, తినలేదు' అంటాం. అడిగినవాడి మాట నిజమేనని ముందు ఒప్పుకుంటాం. ఇంగ్లీషువాడు అడిగినవాడి మాటను పట్టించుకోడు, జరిగిందా లేదా అన్నదే వాడికి లెక్క. తినకపోతే 'నో'. కార్డు లేకపోతే 'నో'. ముప్పై ఎనిమిదేళ్ళు ఇది పిల్లలకి చెప్పినవాణ్ణే నేను. అయినా అప్పటికప్పుడు నోట్లోంచి తెలుగే వచ్చింది, ఇంగ్లీషు బట్టలు కట్టుకుని.

ఆ కుర్రాడు ఎందుకు నవ్వాడంటే, క్రితం వారం అదే కౌంటర్ దగ్గర అతనూ సరిగ్గా అదే మాట అన్నాడట. చైనా భాషలోనూ అంతే. 'నువ్వు రావా?' అంటే 'దుయ్' అంటారు, అంటే నిజమే, రాను అని. అలా పరిచయం అయ్యాడు. పేరు చెప్పను, అతన్ని అడగలేదు. నన్ను 'లావ్‌షీ' అనేవాడు. మన 'మాస్టారు' లాంటి మాట. అందులో 'లావ్' అంటే ముసలి అని అర్థమట. ఇరవై అయిదేళ్ళ టీచరునైనా అలాగే అంటారని చెప్పి నన్ను సముదాయించాడు.

ఆ అబ్బాయి తల్లిదండ్రులతో వచ్చి ఏడాది అయింది. హైస్కూల్లో చేరాడు. కాలిఫోర్నియాలో ఇంట్లో వేరే భాష మాట్లాడుకునే పిల్లలకి ఎల్‌పాక్ అని ఒక పరీక్ష పెడతారు. ఇంగ్లీషు ఇక చాలినంత వచ్చిందని తేలేదాకా ఏటా రాయాల్సిందే. తేలేదాకా మిగతా పిల్లలతో పాటు కాకుండా, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ క్లాసు విడిగా ఉంటుంది. అతనికి ఆ విడి క్లాసు నామోషీగా ఉండేది. ఎందుకంటే సొంత ఊళ్ళో ఇంగ్లీషులో మంచి మార్కులవాడే. అక్కడ కాలేజీ ప్రవేశ పరీక్షని గావ్‌కావ్ అంటారు. మొత్తం 750 మార్కుల్లో 150 ఇంగ్లీషువి. చైనా భాషకెంతో లెక్కలకెంతో ఇంగ్లీషుకీ అంతే. పదేళ్ళకు పైగా ఆగిపోయిన ఆ పరీక్షను మళ్ళీ మొదలుపెట్టింది 1977లో. మా గేదె పోయిన ఏడే. ఈ సంగతి అతనికి చెబితే గేదె కథ మొత్తం చెప్పేదాకా వదల్లేదు.

అతను చదువుకున్న తీరు వింటుంటే నాకు మన ఏలూరు బజారు గైడ్లు గుర్తొచ్చాయి. అక్కడి పిల్లలు మాటల జాబితా పుస్తకాలు బట్టీపడతారు. అకారాది వరసలో ఉంటాయి కాబట్టి చాలా పుస్తకాల్లో ముందుగా కనిపించే మాట 'అబాండన్'. వదిలేయడం అని అర్థం. పుస్తకం తెరవగానే వదిలెయ్యి అని రాసి ఉంటే ఎవరు ముందుకెళతారు, అని అక్కడ పిల్లల్లో పెద్ద హాస్యమట. మనకి రెన్ అండ్ మార్టిన్ ఎలాగో, వాళ్ళకి అలెగ్జాండర్ అనే ఇంగ్లీషాయన రాసిన న్యూ కాన్సెప్ట్ ఇంగ్లీష్ అలాగ. రెన్ అంటే గుర్తొచ్చింది, మనల్ని వ్యాకరణంతో అంతగా ఏడిపించిన ఆ రెన్‌గారు 'బో జెస్ట్' అనే సాహస నవల రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఎడారి, సైనికులు, తుపాకులు. ఆ నవల మన లైబ్రరీలో ఉండి, వ్యాకరణం లేకపోయి ఉంటే మనకి ఇంగ్లీషు ఇంకాస్త తొందరగా వచ్చేదేమో.

వ్యాకరణం దగ్గర మేమిద్దరం ఒకరి తప్పులు ఒకరం పట్టుకుని ఆడుకునేవాళ్ళం. అతను వాళ్ళమ్మ గురించి చెబుతూ మాటిమాటికీ 'హీ' అనేవాడు. చైనా భాషలో అతను, ఆమె, అది, మూడూ పలకడానికి 'తా' యే. రాతలో మాత్రం వేరువేరు. ఆమెకి విడిగా అక్షరం వాడుకలోకి వచ్చి వందేళ్ళే అయింది, లియు బన్‌నుంగ్ అనే కవి దానికోసం పట్టుబట్టాడు. అతని 'హీ' విని నేను నవ్వితే, మీ భాష సంగతేంటి అన్నాడు. చెప్పాల్సి వచ్చింది. 'అమ్మ వచ్చింది', 'బస్సు వచ్చింది'. క్రియ చూస్తే మనకి అమ్మకీ బస్సుకీ తేడా లేదు. నా దగ్గర ఆరో తరగతి పిల్లలు 'మై మదర్... ఇట్ ఈజ్ కుకింగ్' అని రాసేవారు. తప్పని ఎర్రసిరాతో కొట్టేశాను గానీ, ఆ 'ఇట్' ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కరికీ చెప్పలేదు.

ఎ, ది అనే ఆర్టికిల్సు ఆ భాషలోనూ లేవు. అతని దగ్గర పన్నెండు నియమాలున్న కాగితం ఒకటి ఉండేది. దాన్ని పక్కన పెట్టించి, మా బామ్మ కథ మొదలెట్టే తీరు చెప్పాను. అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక చెరువు. ఆ చెరువులో ఒక చేప. వినేవాడికి కొత్త అయితే 'ఒక', పరిచయమైపోతే 'ఆ'. ఇంగ్లీషు ఎ, ది లలో ముప్పాతిక భాగం ఇదే. మిగిలిన పాతిక భాగానికి నియమాల కాగితం మళ్ళీ తీసుకోమన్నాను. వాళ్ళ నాయనమ్మ కూడా కథ అలాగే మొదలెడుతుందన్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒకరోజు కాంప్రహెన్షన్ పాసేజీ ఒకటి ఇచ్చాను. ఇంగ్లీషు పాసేజీ చదివి, కింది ప్రశ్నలకి జవాబులు రాయడం. మూడు నిమిషాల్లో అన్ని జవాబులూ రైటే రాశాడు. పుస్తకం మూసి, ఇందులో ఏముందో చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు. ఒక్క ముక్క కూడా. ముందు ప్రశ్న చదవడం, ప్రశ్నలోని మాట పాసేజీలో ఎక్కడుందో వెతకడం, ఆ వాక్యం ఎత్తి రాయడం. నాకు తెలియని విద్యా అది? పదో తరగతిలో నేను క్లాసుకి ఫస్టు వచ్చింది దాంతోనే. ముప్పై ఎనిమిదేళ్ళు నా పిల్లలకి నేర్పిందీ అదే.

మీకు నమ్మకం లేకపోతే ఇప్పుడే ఒక చిన్న పరీక్ష పెడతాను. వినండి: 'టొంకడు జిమ్మలో కూరి బొడ్డాడాడు.' ప్రశ్న: టొంకడు ఎక్కడ బొడ్డాడాడు? చూశారా, ఎంతమంది 'జిమ్మలో' అన్నారో! ఫుల్ మార్కులు. ఇంతకీ జిమ్మ అంటే ఏమిటండీ? నాకూ తెలీదు, ఇప్పుడే పుట్టించాను. మన పిల్లలు పదో తరగతి దాకా ఇంగ్లీషులో ఇలాగే బొడ్డాడుతున్నారు.

ఆ తరవాత అతన్ని పొడుగు వాక్యాల దగ్గర గమనించాను. ఎక్కడ తప్పిపోతున్నాడా అని. సరిగ్గా నేను 1977లో తప్పిపోయిన చోటే. తెలుగులో 'నేను నిన్న కొన్న పుస్తకం' అంటాం. పుస్తకం గురించి చెప్పాల్సిందంతా ముందే చెప్పేసి, చివర పుస్తకం చేతిలో పెడతాం. ఇంగ్లీషువాడు ముందే పుస్తకం పెట్టేసి, 'విచ్ ఐ బాట్ యెస్టర్‌డే' అని వెనక తోక కడతాడు. చైనా భాషలో ఎలా అంటారని అడిగితే కాగితం మీద రాసి, ఒక్కో మాటా వేలుపెట్టి చూపించాడు. 'వొ' నేను, 'జువోథియెన్' నిన్న, 'మాయ్ ద' కొన్న, 'షూ' పుస్తకం. నేను నిన్న కొన్న పుస్తకం. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు! కింద నేను తెలుగులో రాశాను. రెండు వరసలూ పక్కపక్కనే పెట్టుకుని ఇద్దరం చాలాసేపు చూశాం. ఎక్కడి చైనా, ఎక్కడి పెదపాడు.

ఇది తెలిస్తే తప్పిపోవడానికి కారణం దొరికింది. మన చెవి పేరు రాగానే 'అయిపోయింది, ఇక క్రియ వస్తుంది' అనుకుంటుంది. ఇంగ్లీషులో పేరు వచ్చాక తోక మొదలవుతుంది. తోకలో ఇంకో క్రియ ఉంటుంది. ఆ తోకకి ఇంకో తోక ఉంటుంది. అసలు క్రియ వచ్చేసరికి కర్త ఎవరో మరిచిపోతాం. అప్పుడు తెలిసిన మాటలు నాలుగు ఏరుకుని, మనకి తోచిన అర్థం మనమే అల్లేస్తాం. నో, లోన్. అప్పు ఇవ్వరు.

ఇది అనుకుంటుండగానే నాకు మన తెలుగు మాస్టారు కనిపించారండి. అరుగు మీద, కళ్ళజోడు ముక్కు మీదకి జారి. 'క్రియ ఏదిరా?'

పద్యంలో మాటలు ఛందస్సు కోసం ఎక్కడివక్కడ ఉండవు. కర్త నాలుగో పాదంలో ఉంటుంది, క్రియ మొదటి పాదంలో ఉంటుంది. అందుకని మాస్టారు ముందు క్రియ పట్టుకోమనేవారు. తరవాత ఎవరు? ఎవరిని? ఎప్పుడు? ఎందుకు? అని ఒక్కో ప్రశ్న వేసి, చెదిరిన మాటల్ని వరసలో పెట్టించేవారు. అదే అన్వయం. తరవాత ప్రతిపదార్థం. ఆ తరవాత పుస్తకం మూసి, సొంత మాటల్లో తాత్పర్యం. తాత్పర్యం చెప్పలేనివాడికి పద్యం అప్పజెప్పినా మార్కులు లేవు. అంటే, మాటలు మన వరసలో లేని వాక్యాన్ని ఎలా చదవాలో మనకి బళ్ళో నేర్పారు. రెండో పీరియడ్‌లో నేర్పారు. మూడో పీరియడ్‌లో ఇంగ్లీషు మాస్టారు రాగానే ఆ విద్యని తెలుగు పుస్తకంతో పాటు సంచిలో పెట్టేశాం. నాన్నగారు అడిగిన తేడా అక్కడుంది.

ఆ కుర్రాడికి అన్వయం గురించి వచ్చీరాని తీరులో చెప్పాను. అతని కళ్ళు పెద్దవయ్యాయి. వాళ్ళకీ ఉందట! చైనా పాత సాహిత్యంలో విరామ చిహ్నాలు ఉండేవి కావు. ఒక మాట ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో అర్థాన్ని బట్టి చదివేవాడే కోసుకోవాలి. 'దువాన్‌జు' అంటారు, అంటే వాక్యాన్ని తెంపడం. దాని మీద పరీక్షల్లో ప్రశ్నలు కూడా ఇస్తారు. అందులో అతను ఘనుడు. 'మరి ఇంగ్లీషు వాక్యాన్ని ఎందుకు తెంపలేదు?' అన్నాను. 'అది ఇంగ్లీషు కదా' అన్నాడు. నేనైనా అదే అనేవాణ్ణి.

అప్పటినుంచి వారానికి రెండు రోజులు, మూడు నెలలు చదివాం. రోజుకి ఒక్క పేరా. ప్రశ్నలు లేవు. పెన్సిలుతో అసలు క్రియ కింద గీత, తోకల చుట్టూ బ్రాకెట్లు. ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఏమైతే. తరవాత పుస్తకం మూసి తాత్పర్యం చెప్పాలి. అదీ ముందు చైనా భాషలో. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ చూడండి, ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లల గొంతులు విన్నవాణ్ణి, అర్థమై చెబుతున్నాడా, తడుముకుంటున్నాడా అన్నది ఏ భాషలోనైనా తెలిసిపోతుంది. గొంతు తడబడిన చోట 'మళ్ళీ చదువు' అనేవాణ్ణి. అతను ఆశ్చర్యపోయేవాడు, నేను దొంగచాటుగా చైనా భాష నేర్చుకుంటున్నానేమోనని. గొంతు సాఫీగా నడిచాకే ఇంగ్లీషులో ఒక్క వాక్యం.

అన్‌లెస్ దగ్గర అతనూ ఆగిపోయాడు. జాబితా పుస్తకంలో దానికి ఎదురుగా 'చూఫెయ్' అని ఉంటుందట. వెనక వచ్చే మాటను బట్టి ఆ 'చూఫెయ్' ఒకసారి 'అయితేనే' అనీ, ఒకసారి 'కాకపోతే మాత్రం' అనీ తిరుగుతుంది. మాట బట్టీ వచ్చు, అది వాక్యంలో ఎటు తిరుగుతుందో రాదు. బ్యాంకు ఉత్తరంలోని వాక్యాన్ని బోర్డు మీద రాసినట్టు కాగితం మీద రాసి ఇచ్చాను. పెన్సిలు తీసుకుని తెంపాడు. గీత గీశాడు. చైనా భాషలో ఏదో అన్నాడు, సాఫీగా. తరవాత ఇంగ్లీషులో, 'పే, దెన్ గెట్' అన్నాడు. కట్టు, పుచ్చుకో. మూడే మాటలు.

మార్చిలో ఒకరోజు నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి జేబులోంచి తీశాడు. వాళ్ళ అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు తలుపు సందులో పెట్టారట. రెండు రోజులుగా వాళ్ళమ్మ దాన్ని టీవీ పక్కన పెట్టుకుని భయపడుతోంది, ఖాళీ చెయ్యమన్నారేమోనని. ఆ మడతలు చూడగానే నాకు గుండె ఝల్లుమంది. ఇద్దరం పెన్సిళ్ళు తీశాం. క్రియ ఏది? ఏమిటి? ఎప్పుడు? చివరికి తేలిందేమిటంటే, పైపుల మరమ్మతు కోసం మంగళవారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా నీళ్ళు రావు! ఇద్దరం ఎంత గట్టిగా నవ్వామంటే, కార్డు అడిగినావిడ వచ్చి నిశ్శబ్దం అంటూ వేలు చూపించింది.

ఈమధ్య ఉత్తరం రాశాడు. ఎల్‌పాక్‌లో చదవడం బాగుందని వచ్చిందట, రాయడం ఇంకా దాటలేదట. విడి క్లాసు ఇంకో ఏడాది తప్పదు. ఉత్తరంలో వాళ్ళమ్మని ఒకచోట 'షీ' అనీ, ఇంకోచోట 'హీ' అనీ రాశాడు.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. ఈ సభలో నా దగ్గర చదివినవాళ్ళు కూడా కొందరున్నారు. గేదె పోయిన ఇంటినుంచి వచ్చినవాణ్ణి, అన్వయం అరుగు మీద కళ్ళారా చూసినవాణ్ణి, మరి మీకు ఆ పద్ధతిలో ఎందుకు చెప్పలేదు? ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినబడకూడదని అనుకునే రోజులు కొన్ని ఉండేవి. నేనూ అనుకున్నాను. తెలుగు మాట దొర్లితే పావలా జరిమానా వేశాను. ఆ పావలాలతో చాక్‌పీసులు కొన్నాను. పరీక్షలకి పాసేజీలో మాట వెతికే చిట్కా చెప్పాను, పిల్లలు పాసయ్యారు, నాకు మంచి శాతం వచ్చిందని మెచ్చుకున్నారు. తాత్పర్యం అడిగితే పోర్షన్ పూర్తికాదని భయం. నెపం ఎవరిమీదా వెయ్యను, అడగాల్సింది నేను, అడగలేదు.

ఇప్పుడు పనిచేస్తున్న ఉపాధ్యాయులకి ఒక్క మాట. 2020 నుంచి మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు అచ్చువేస్తున్నారు. మీడియం మీద ఎవరి అభిప్రాయాలు వాళ్ళకున్నాయి, ఈ వేదిక మీద ఆ తగువు వద్దు. కానీ ఆ ఎదురెదురు పేజీల వంటి సౌకర్యం మాకు ఉండి ఉంటే! పిల్లలు తెలుగు పేజీ చదివేసి ఇంగ్లీషు పేజీ వదిలేస్తున్నారని నా స్నేహితులు చెబుతున్నారు. వదిలేస్తారు మరి. ఒక వాక్యం ఇక్కడిదీ, అదే వాక్యం అక్కడిదీ పక్కపక్కన పెట్టి, ఈ మాట ఇక్కడినుంచి అక్కడికి ఎందుకు దూకింది అని మనం అడగాలి. లైబ్రరీ బల్ల మీద మేం రెండు వరసలు పెట్టుకుని చూసుకున్నట్టు. తెలుగు మాస్టార్లు, ఇంగ్లీషు మాస్టార్లు నెలకి ఒక్క పీరియడ్ కలిసి చెప్పగలిగితే ఇంకా బాగుంటుంది. టైంటేబుల్ వేసేవారు నన్ను తిట్టుకోకండి.

ఇక సంఘంవారికి నా విన్నపం. స్వర్ణోత్సవ నిధితో ఏం చెయ్యాలని చర్చ జరుగుతోంది. ఆర్చీ కట్టండి, నేను వద్దనను. నాకు డబ్బు అక్కర్లేదు. ఒక గది, ఒక బల్ల, శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తాళంచెవి కావాలి. ఎనిమిదో తరగతి పైబడిన పిల్లలెవరైనా రావచ్చు, మన ఊరివాళ్ళే అవ్వక్కర్లేదు. వట్లూరు, కలపర్రు నుంచి సైకిల్ మీద వచ్చినా సరే. పాఠ్యపుస్తకం తేవద్దు. ఇంట్లో ఉన్న ఇంగ్లీషు కాగితం ఏదైనా తెమ్మనండి. బీమా బాండు, బ్యాంకు నోటీసు, తాతయ్య మందు పెట్టెలో చీటీ, చేపల చెరువు మేత బస్తా మీద అచ్చు. ఒక్కోటి తీసి, పెన్సిలుతో తెంపి, ఇంటికి వెళ్ళి అమ్మకి తెలుగులో తాత్పర్యం చెప్పి రావాలి. హోంవర్కు అదే. పెద్దవాళ్ళు వచ్చినా సంతోషమే. రిటైరైన తెలుగు మాస్టార్లు వస్తే ఇంకా సంతోషం, నాకు సాయం కావాలి.

మన తెలుగు మాస్టారి అబ్బాయి నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఆ శంకరనారాయణ నిఘంటువు నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అట్ట ఊడింది, చెదలు ఒక మూల తిన్నాయి. అన్‌లెస్ ఉన్న పేజీ బాగానే ఉంది. శనివారం తెస్తాను.